ముందే ఏడిపించిన గుడ్డ

ఎరుపు రంగును నేను నమ్మను. పచ్చను నమ్ముతాను. పసుపును కళ్లు మూసుకుని నమ్ముతాను. నీలాన్ని ఒకసారి నీళ్లలో ముంచి చూసి నమ్ముతాను. ఎర్రగుడ్డకు మాత్రం, అది ఎన్ని ఒట్లు పెట్టుకున్నా, నా దగ్గర జామీను దొరకదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నా అనుమానానికి కారణం ఉంది.

నాకు పదేళ్లప్పుడు మేం పాకాలలో ఉండేవాళ్లం. నాయన రోజూ పొద్దున్నే రైలెక్కి చిత్తూరు పోయి, బెల్లం మండీలో తూకాలు చూసి, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాడు. తెల్ల పంచె తప్ప ఇంకొకటి కట్టి ఎరగడు. ఒక ఆదివారం అమ్మకు జ్వరమొస్తే, నేను పెద్ద ఆరిందాలా బట్టలు నానబెట్టాను. నా కొత్త ఎర్ర పరికిణీ, నాయన పంచె, రెండూ ఒకే బకెట్లో. గంట తర్వాత తీసి చూస్తే పంచె దానిమ్మ గింజల రంగులో ఉంది. భయంతో ధాన్యం గాదె వెనక దాక్కున్నాను. నాయన వచ్చి చూశాడు, నవ్వాడు, మరునాడు అదే కట్టుకుని రైలెక్కాడు. మండీలో వాళ్లు, "ఏందప్పా, ఈ వయసులో పెండ్లికొడుకు యాసం?" అని ఆటపట్టిస్తే, "మా పాప రంగేసింది, బాగుండాది కదా?" అన్నాడట. చిరిగిపోయేదాకా దాన్ని కడుతూనే ఉన్నాడు. ఆయనకది తమాషా. నాకది శిక్ష. ఆ పంచె దండెం మీద ఉన్నన్ని రోజులూ నేను పెరట్లోకి పోవాలంటే తల వంచుకుని పోయేదాన్ని.

అప్పుడు పట్టుకున్న అనుమానం రంగుల దగ్గర ఆగలేదు. పాలలో నీళ్లున్నాయని అనుమానం, ఆటోవాడు చుట్టు తిప్పుతున్నాడని అనుమానం, తాళం వేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి రావడం. పెళ్లై తిరుపతి వచ్చాక కూడా నాలో మార్పేమీ లేదు. నాయన మా ఇంటికొచ్చినప్పుడల్లా, "పాపా, నువ్వు దేవుడొచ్చి తలుపు కొట్టినా ఆధార్ కార్డు అడిగేట్టుండావే" అనేవాడు.

నాయన పోయిన ఏడాది పోయాడు. ఎనభై దాటాక, ఎవరితోనూ చేయించుకోకుండా, దర్జాగా పోయాడు. ఆయన బట్టలన్నీ ఆనవాయితీ ప్రకారం ఇచ్చేశాం. అన్నీ అయిపోయిన పది రోజులకు, వీధి చివర ఇస్త్రీ బండి ఆయన ఒక పంచె తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాయన మా ఇంటికి వచ్చినప్పుడు ఇస్త్రీకి వేసి మరిచిపోయిందట. నాయనది అని చెప్పుకోవడానికి గుడ్డ ముక్క అంటూ మిగిలింది అదొక్కటే. బీరువాలో, నా పెళ్లి చీర కింద దాచాను. అప్పుడప్పుడు తీసి చూసుకుని మళ్లీ పెట్టేసేదాన్ని.

ఈ ఎండాకాలం నా కూతురు మొదటి కాన్పుకు బెంగళూరు నుంచి మా ఇంటికి వచ్చింది. మా వైపు పుట్టిన బిడ్డను కొత్తగుడ్డ మీద పడుకోబెట్టరు. బాగా బతికి వెళ్లిన పెద్దవాళ్ల పాతగుడ్డ మెత్తగా ఉంటుంది, ఆయుస్సు కూడా దాంతోబాటు వస్తుందని నమ్మకం. నాయన పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటున్న అమ్మ, "ఆ పంచె ఎవురికని దాసినావు? బయటికి తియ్" అంది. సరే, పంచెతో చిన్న బొంత కుట్టిద్దామనుకున్నాం. నా కూతురు ఊరుకుంటుందా? "తెల్లగా మొత్తం బోసిగా ఉంటుందమ్మా. అడుగున తాత పంచె, పైన ఎర్రగళ్లు, మిగిలిన పంచెతో తెల్లగళ్లు. పిల్లల కళ్లకు ఎరుపు బాగా ఆనుతుందంట" అంది.

"ఎరుపా?" అన్నాను.

"ఎరుపే" అంది. నా కూతురు కదా, నా మొండితనమే దానికీ వచ్చింది.

గాంధీ రోడ్డులో నాలుగు కొట్లు తిరిగాను. నాలుగో కొట్టాయన ఎర్రగుడ్డ తాను విప్పి పరిచి, "అక్కా, ఇది రంగు పోదు. పోతే నన్నడుగు" అన్నాడు. పోయాక నిన్నడిగితే మా నాయన పంచె తెచ్చిస్తావా అని నోటిదాకా వచ్చింది. రుమాలు తడిపి గుడ్డ మీద గట్టిగా రుద్దాను. ఏమీ అంటలేదు. అయినా నమ్మలేదు. కొట్లో తేమ తగిలితే ఒక బుద్ధి, ఇంట్లో నానితే ఒక బుద్ధి ఈ ఎర్రగుడ్డలకు. ఆయన నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. గుడ్డల కొట్టుకు పోలీసులు వచ్చినట్టు చూశాడు.

బొంత కుట్టేది చంద్రగిరిలో ఉండే బూబమ్మ. మా కాలనీలో సగం ఇళ్లలో ఆమె కుట్టిన బొంతలే. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలు పెట్టుకుని వసారాలో కూర్చుని చేత్తోనే కుడుతుంది. కుట్టు ఎంత సన్నమంటే, అడుగు ఏదో పైది ఏదో కనుక్కోవడం కష్టం. ఆమెకొక మాట ఉంది. కొత్తగుడ్డను ముందే నానబెట్టి, ఉన్న రంగంతా కార్చేయడాన్ని ఆమె 'ఏడిపించడం' అంటుంది.

"ఏ గుడ్డకైనా లోపల కొంత ఏడుపు ఉంటాది తల్లీ. కుట్టకముందే ఏడిపించేయాల. లేదంటే పక్కనోళ్ల మీద పడి ఏడుస్తాది" అని నాకు మొదటిసారే చెప్పింది. "గుడ్డ ఈడ పెట్టి పో. నేను ఏడిపించుకుంటా."

నేను పెట్టిపోతానా! "నేనే ఏడిపించి తెస్తాను బూబమ్మా" అన్నాను. ఆమె అద్దాల మీద నుంచి ఒకసారి చూసి, "నీ ఇష్టం" అంది.

మూడు రోజులు అదే పని. ఒక బకెట్ చన్నీళ్లు, రెండు గుప్పెళ్ల కల్లుప్పు. నా కూతురు ఫోన్లో ఏదో చూసి, "ఒక తెల్ల ముక్క కూడా వెయ్యమ్మా, రంగుంటే దానికి పట్టుకుంటుంది" అంది. నా పాత తెల్ల లంగా అంచు చింపి వేశాను. మొదటి రోజు నీళ్లు బీట్‌రూట్ ఉడికించినట్టు వచ్చాయి. "పోదన్నాడే మహానుభావుడు!" అని కొట్టాయన్ని అక్కడే కడిగేశాను. రెండో రోజు లేత గులాబీ. మూడో రోజు నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, తెల్లముక్క తెల్లగానే ఉంది. స్టీలు గిన్నెలో పోసి, వెలుతురుకు పెట్టి, అమ్మను పిలిచి చూపించాను.

"నీళ్లే" అంది అమ్మ.

"సరిగ్గా చూడు."

"నీళ్లే కదే! తాగి చూపించమంటావా?"

అదే సాయంత్రం, తీసుకుపోవడానికి పంచెను మడతపెడుతుంటే అమ్మ ఆపింది. "పోయినోళ్ల గుడ్డ పసిబిడ్డకు నేరుగా ఏయకూడదు. నాలుగు మూలలా పసుపు పెట్టి పంపు" అంది. కొత్త బట్టకు ఒక మూల పసుపు పెట్టే అలవాటు ఎలాగూ ఉన్నదే. గిన్నెలో పసుపు తడిపి, నాలుగు మూలలా నాలుగు బొట్లు పెట్టాను. మిగిలిన పసుపులో కాస్త సున్నం, నీళ్లు కలిపి ఎర్రనీళ్లు చేసి, కూతురికి దిష్టి తీసి గేటు బయట పారబోశాను. ఎదురింటావిడ రోజూ వచ్చి దాని కడుపు వంక అదోలా చూసి పోతోంది మరి. ఆమె మీద కూడా నాకు అనుమానమే.

గుడ్డలు బూబమ్మకు ఇచ్చి, "ఇది మా నాయనది. ఇదొక్కటే ఉంది" అని రెండుసార్లు చెప్పాను. ఆమె పంచెను చేత్తో నిమిరింది. "పది రోజుల తర్వాత రా" అంది.

ఆ పది రోజులూ నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. బూబమ్మ వసారాలో ఇంకెవరివో ఎర్రగుడ్డలు ఒక మూట చూశాను. నేను మూడు రోజులు నానబెట్టిన గుడ్డ పక్కన, ఎవరూ ఏడిపించని గుడ్డ. కలిసిపోతే? ఆమె కళ్లు అసలే అంతంతమాత్రం. లేక, మంచిగుడ్డ అని మార్చేస్తే? ఛీ, అలా ఎందుకు చేస్తుంది అనుకునేదాన్ని. ఎందుకు చేయకూడదు అని మళ్లీ నేనే అనుకునేదాన్ని. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. చివరికి ఆగలేక, చెప్పిన రోజుకు ఒక రోజు ముందే, ఫోనైనా చేయకుండా చంద్రగిరి బస్సెక్కాను. ముందుగా చెప్పిపోతే దొంగ దొరకడు కదా!

బూబమ్మ ఇంటి ముందు కుళాయి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. ముందర టబ్బు, నురగ, బట్టల సబ్బు. టబ్బులో మా బొంత. అడుగు భాగం పైకి తిరిగి ఉంది. నాయన పంచె తెల్లగా, సన్నటి కుట్లతో, నా కళ్లకు ఎంత ముద్దొచ్చిందో. అప్పుడే చూశాను. ఒక మూలన రూపాయి బిళ్లంత ఎర్రటి మరక. ఇంకో మూలన ఇంకొకటి. ఆమె చేయి తిప్పగానే పైనున్న తెల్లగడిలో ఇంకొకటి.

 పరుగున పోయి టబ్బు మీదికి వంగాను.

"ఏం చేశావు బూబమ్మా? మా నాయన పంచె ఏం చేశావు?"

ఆమె తలెత్తి, "వచ్చినావా తల్లీ, రేపు కదా నిన్ను... ఇది సూడు, అది..." అని ఏదో చెప్పబోయింది.

"నువ్వేం చెప్పొద్దు. మూడు రోజులు నానబెట్టి ఇచ్చాను నేను. చుక్క రంగు లేకుండా ఇచ్చాను. ఎక్కడి నుంచొచ్చింది ఇది? నా గుడ్డ మార్చేశావా? ఎవరిదో ఏడిపించని గుడ్డ తెచ్చి కుట్టావా?"

"నేను మార్చేదేంది..."

"మరి ఎరుపెక్కడిది? ఆకాశం నుంచి ఊడిపడిందా? ఇదొక్కటే ఉందని రెండుసార్లు చెప్పానే!"

పక్కింటి వాళ్లు తలుపుల దగ్గరకు వచ్చారు. ఒకావిడ, "ఏమైంది బూబమ్మా?" అంది. బూబమ్మ పీట మీద నుంచి లేచింది. బొంతను సబ్బు నురగతోనే పిండింది. పెద్ద ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నాకు అందించింది. "తీస్కపో తల్లీ" అంది. అంతే. ఆమె ఎదురు చెప్పకపోవడం కూడా నాకు తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

బస్సంతా ఏడ్చుకుంటూ వచ్చాను. కవర్లోంచి నీళ్లు నా చీర మీద కారుతున్నా పట్టించుకోలేదు. ఆ దానిమ్మ రంగు పంచె, మండీలో నాయన మాట, అన్నీ గుర్తొచ్చాయి. ఒకసారి నా చేత్తో పాడుచేశాను. ఇప్పుడు ఇంకొకరిని నమ్మి పాడుచేశాను. మళ్లీ తెచ్చుకుందామంటే నాయన లేడు, ఇంకో పంచె లేదు.

ఇల్లు చేరగానే బాత్రూంలో బేసిన్‌లో వేసి, నిమ్మకాయ కోసి ఒక మరక మీద పిండాను. ఎరుపు కాస్తయినా తగ్గుతుందేమోనని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకుంటూ వేలితో రుద్దాను.

నా వేలి కింద ఎరుపు పసుపైపోయింది.

నాకేమీ అర్థం కాలేదు. ఇంకోదాని మీద పిండాను. అదీ పసుపైంది. మూడోది కూడా. గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "అది పసుపు కదే! మనం పెట్టిన పసుపు" అంది.

"పసుపైతే ఎర్రగా ఎందుకుంది?"

"సబ్బుకు ఎరుపెక్కినాది. రోజూ పసుపులో సున్నం కలిపి దిష్టికి ఎర్రనీళ్లు సేస్తావే, అది ఎట్లా ఎరుపవుతాదో తెలీదా నీకు? సున్నం పని సబ్బు సేసినాది."

నేను అప్పటికీ నమ్మలేదు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నమ్మలేదు. సబ్బు తీసి ఒక మరక మీద రుద్దాను. ఎర్రబడింది. నిమ్మకాయ పిండాను. పసుపైంది. మళ్లీ సబ్బు. మళ్లీ ఎరుపు. "ఇంకా ఎన్నిసార్లు ఇసారిస్తావే దాన్ని?" అంది అమ్మ. నా కూతురు కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. చల్లటి నేల మీద అలాగే కూర్చుండిపోయాను. వీధిలో నలుగురి ముందు, అరవై దాటిన మనిషిని, గుడ్డ మార్చిన దొంగ అన్నాను. కళ్లు మూసుకుని నమ్మిన పసుపు నా చేత ఆ మాట అనిపించింది. పసుపుదేం తప్పు లెండి, అన్నది నా నోరు.

మరునాడు మొదటి బస్సుకే చంద్రగిరి పోయాను. బూబమ్మ వసారాలో ఎవరిదో నీలం బొంత కుడుతోంది. నన్ను చూసి సూది ఆపలేదు.

"అది పసుపు బూబమ్మా" అన్నాను. "నేనే పెట్టాను. సబ్బుకు ఎర్రబడింది."

"తెలుసు" అంది.

"తెలుసా?"

"ఇచ్చిన దినమే సూసినా. మీ మంగళం కదా, కడిగేయకూడదని అట్లే పెట్టి కుట్టినా. కుట్టుకు గీసిన సుద్ద గీతలు పోవాలని నిన్న సబ్బు ఏసినా. సెప్పబోతే సెప్పనిచ్చినావా?"

 ఆమె లేచి లోపలికి పోయి, ఒక చిన్న తెల్లగుడ్డ పీలిక తెచ్చి నా చేతిలో పడేసింది. పీలిక అంతా ఎర్రగా మరకలు.

"ఇదేంటి?"

"నువ్వు ఏడిపించి తెచ్చిన ఎర్రగుడ్డ సేసిన పనే. ఒకసారి సూద్దామని ఈ పీలికను పక్కనేసి నేనూ నానేసినా. ఇంత రంగు దిగినాది. ఏ నీళ్లలో ఏసినావు నువ్వు?"

"చన్నీళ్లలో. ఉప్పేసి."

"పసిబిడ్డ గుడ్డలు సన్నీళ్లలోనా ఉతికేది? ఒంటికీ రెంటికీ పోతే వేణ్ణీళ్లు పోస్తారు కదా. వేణ్ణీళ్లు తగిలినంకనే ఇది ఏడ్చినాది. మూడు దినాలు నేను కూడా ఏడిపించినా. లేదంటే మీ నాయన పంచె ఏమయ్యేది?" ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నీకు సూపించాలనే ఈ పీలిక దాసినా. నువ్వు నన్ను నమ్మలేదు, సరే. నేను కూడా నీ ఉతుకును నమ్మలేదులే. అయితే నేను నిన్ను వీధిలో నిలబెట్టి అడగలేదు." అద్దాలు మళ్లీ పెట్టుకుని అంది, "గుడ్డను ఏడిపించమంటే, నన్ను ఏడిపించి పోయినావే తల్లీ."

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. ఆమె కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తప్పయింది అని ఎన్నిసార్లు అన్నానో గుర్తులేదు. నిన్నటి పక్కింటావిడ మళ్లీ తలుపు దగ్గరకు వచ్చింది. ఆమెను చూసి గట్టిగానే, "తప్పు నాది, బూబమ్మది కాదు. ఆమె నా గుడ్డ మార్చలేదు" అన్నాను. అంత గట్టిగా నిన్న అరిచాను కాబట్టి, ఇవాళ కూడా అంత గట్టిగా చెప్పాలి కదా.

బూబమ్మ నా పక్కన మెట్టు మీదకు దిగి కూర్చుంది. తర్వాత నా వీపు మీద చేయి వేసింది. "ఏడువు, ఏడువు. ముందే ఏడ్చేస్తే మంచిది. మనవడో మనవరాలో వచ్చినంక ఏడవబాకు" అంది. నవ్వింది కూడా. టీ పెట్టిచ్చింది. బయల్దేరేటప్పుడు, "ఆ పసుపు మరకలకు ఎండ సూపించు. నాలుగు దినాల్లో పోతాయి" అని చెప్పింది.

ఇంటికొచ్చి బొంతను శుభ్రంగా జాడించి, మిద్దె మీదకు తీసుకుపోయాను. ఎండ మండిపోతోంది. దండెం మీద వేయబోతే నాయన దానిమ్మ రంగు పంచె గుర్తొచ్చి ఆగాను. మెట్ల గదిలో తాడు కట్టి, నీడలో ఆరేశాను.

మనవరాలు పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్లెలో వేసినప్పుడు ఎదురింటావిడ వచ్చింది. పాపను చూసి, బొంతను తిరగేసి, మూలనున్న పసుపు మరక మీద వేలు పెట్టింది.

"అయ్యో, ఇంత మంచి బొంతకు ఇదేం మరక? ఆ కుట్టినామె ఏదో నాసిరకం రంగుగుడ్డ ఏసినట్టుండాదే. ఈ బొంతలోళ్లను నమ్మకూడదమ్మా" అంది.

"ఆమె కాదు" అన్నాను. "ఆ రంగు నేనే వేశాను."